తువ్వాలు కింద హిమాలయం

నరసరావుపేట మిరప వ్యాపారంలో లక్ష్మీనరసయ్యని అందరూ కాటా నరసయ్య అంటారు. కాటా అక్కర్లేకుండా బరువు చెప్పే మనిషి. బస్తా మోస్తున్న హమాలీ నడక చూసి లోపల సరుకెంతో చెబుతాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి మెడలో హారం చూసి, అందులో బంగారమెంతో రాగెంతో పక్కవాడికి చెప్పాడు. ఆ పక్కవాడు పెళ్ళికూతురి మేనమామ. నరసయ్య ఆ పెళ్ళిలో భోజనం చేయలేదు.

కంటి కంటే ఆయన చెవి గట్టిది. నీళ్ళు చల్లి బరువు పెంచిన మిరపకాయల్ని పట్టాలంటే గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర నలిపేవాడు. గలగలమంటే ఎండు. మెత్తగా మూలిగిందా, తడి సరుకు. "నరసయ్యగారి చెవికి తెలియకుండా మా ఊళ్ళో మంచు కూడా కురవదు" అని క్రోసూరు రైతులు దణ్ణం పెట్టేవాళ్ళు. భక్తితో మాత్రం కాదు.

అంతటివాడు జన్మలో ఒక్కసారి తడి సరుకు కొన్నాడు. ఎక్కడ కొన్నాడు, ఎవరు అంటగట్టారు అన్నదే నేను చెప్పబోయే సంగతి.

ముందు ఆ ఇంటి మగవాళ్ళ గుండెల సంగతి చెప్పాలి. నరసయ్య తండ్రి మిరప బస్తాల మీద కూర్చుని ధర చెబుతూ పోయాడు. ధర చెప్పాడు, అవతలివాడు సరేననే లోపే తల వాల్చాడు. ఆ బేరం కుదిరినట్టా కాదా అని గుంటూరు మిరప యార్డులో ఇప్పటికీ వాదులాడుకుంటారు. చిన్నాన్న బస్సులో పోయాడు. ఎడ్లపాడులో దిగాల్సిన మనిషి నిద్రపోతున్నాడనుకుని కండక్టరు చిలకలూరిపేట దాకా మోసుకుపోయి, మిగతా టిక్కెట్టు కోసం లేపబోయాడు. అన్న గోపాలరావు పోయిన సీజనులో కోల్డ్ స్టోరేజీ మెట్ల మీద పోయాడు. గుండె పరీక్ష చేయించుకోమని డాక్టరు చెబితే "సీజను అయిపోనీ" అన్నాడు. సీజను కంటే ముందు ఆయనే అయిపోయాడు.

అన్న కర్మంతరాల నాడు, విస్తళ్ళు ఎత్తకముందే, ఒక పాత కొనుగోలుదారు నరసయ్యని పక్కకి పిలిచి "మీరు బాగానే ఉన్నారు గదా?" అని భుజం నొక్కాడు. నరసయ్యకి వెంటనే అర్థమైంది. అది పరామర్శ కాదు. కాయ నలిపి చూడటం.

వానాకాలం చివర్లో అవే కోల్డ్ స్టోరేజీ మెట్ల మీద నరసయ్య ఎడమ భుజంలో ఎవరో హమాలీ కొక్కెం గుచ్చి లాగినట్టయింది. కాసేపు గోడకి ఆనుకుని, రంగు ఎలా వేశారో చూస్తున్నట్టు నటించాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రాత్రి అన్నంలో గోంగూర రెండోసారి అడగలేదు. భార్య శివపార్వతికి అంతకంటే రుజువు అక్కర్లేదు. పొద్దున్నే రెక్క పట్టుకుని ఊళ్ళో డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఈసీజీ మిషన్లోంచి కాగితం బయటికొస్తుంటే డాక్టరు దాన్ని అచ్చం నరసయ్య తడి కాయల్ని చూసే చూపుతో చూశాడు.

"గుంటూరు పోయి ఆంజియోగ్రామ్ చేయించుకోండి. వెంటనే."

నరసయ్య వెంటనే ఇంటికొచ్చాడు.

"ఎప్పుడు పోదాం?" అంది శివపార్వతి.

"ఎక్కడికి?"

"గుంటూరు."

"యార్డుకా?"

"ఆసుపత్రికి."

"నాకేమైందని?"

"ఏమీ కాలేదని తెలుసుకోవటానికి."

"ఏమే, కాటా మీద పెట్టనంతసేపూ ప్రతి బస్తా నిండు బస్తానే. పెట్టావనుకో, తరుగు బయటపడిద్ది. బయటపడ్డాక ఎవడు కొంటాడు?"

"మిమ్మల్ని నేను ఎప్పుడో కొన్నా. వాపసు తీసుకునేవాళ్ళు కూడా పోయారు."

ఆ రోజు నుంచి ఇంట్లో గోంగూర పోయి గుంటూరు వచ్చింది. ఇడ్లీ పెడుతూ గుంటూరు, నీళ్ళు తోడుతూ గుంటూరు, టీవీలో వాతావరణం వస్తుంటే "గుంటూరులో ఎట్టా ఉందో" అని ఒక నిట్టూర్పు. నరసయ్యకి గుండె కంటే ముందు చెవులు పోయేట్టున్నాయి.

అప్పుడు ఆయన ఒక ఎత్తు వేశాడు. వ్యాపారంలో పాత ఎత్తే. సరుకు అమ్మటం ఇష్టం లేనప్పుడు అమ్మనని చెప్పకూడదు. అవతలివాడు పారిపోయే ధర చెప్పాలి.

ఆయన షాపు పక్కనే ఫయాజ్ ట్రావెల్స్ ఉంది. కాశీ, గయ, అజ్మీరు యాత్రలు నడిపే కుర్రాడు ఫయాజ్. కొత్తగా గుమ్మం మీద ఫ్లెక్సీ కట్టాడు: "హిమాలయాల్లో అన్నపూర్ణ బేస్ క్యాంపు. గైడుతో నడక. వేడి అన్నం గ్యారంటీ." తెల్లటి మంచుకొండ, దాని శిఖరం మీద ఫయాజ్ ఫోన్ నంబరు. ఆ కొండని రోజూ చూస్తున్న నరసయ్యకి ఒక సాయంత్రం అందులో ధర కనపడింది.

"పార్వతీ, ఒక బేరం."

"చెప్పండి."

"హిమాలయం బేస్ క్యాంపు దాకా నడిచి పోతా. చేరానా, గుండె గట్టిదని లెక్క. ఇక నువ్వు జన్మలో ఆసుపత్రి మాట ఎత్తగూడదు. చేరలేదా, నువ్వు చూపించిన బల్ల మీద నోరు మూసుకుని పడుకుంటా."

ఆయన లెక్క ఇది: ఆవిడ గుండె బాదుకుంటుంది. వద్దని ఏడుస్తుంది. అప్పుడు తను పెద్దమనసు చేసుకుని, "సరే, నీ కోసం నేను హిమాలయం మానుకుంటా, నా కోసం నువ్వు గుంటూరు మానుకో" అంటాడు. చెల్లుకు చెల్లు.

శివపార్వతి పప్పుగరిటె కింద పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"తువ్వాలేది?" అంది.

ఇప్పుడు ఫోన్లో ధరలొచ్చాయి గానీ, వెనకటి బేరగాళ్ళు తువ్వాలు కింద బేరమాడేవాళ్ళు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ తెలియదు. చివరికి అరచెయ్యి మొత్తం పట్టి గట్టిగా నొక్కితే ఖాయం. తువ్వాలు తీశాక మాట మార్చినవాడి మొహం ఆ తర్వాత యార్డులో ఎవడూ చూడడు. నరసయ్య ఇప్పటికీ ఆ పద్ధతి వదల్లేదు. శివపార్వతి కూడా మిరప వ్యాపారి కూతురే. లంగా కట్టే వయసులో తండ్రి ఒళ్ళో కూర్చుని ఆ తువ్వాలు కింది వేళ్ళన్నీ చదివింది.

నరసయ్య భుజం మీది తువ్వాలు తనే లాగింది. కప్పింది. అరచెయ్యి పట్టి నొక్కింది. తువ్వాలు తీసేసింది.

"ఖాయం," అంది. "ఇంకొక మాట. హిమాలయం అంటే నా పుట్టిల్లు, పేరులోనే ఉంది. పుట్టింటికి మొగుణ్ణి ఒక్కణ్ణే పంపితే నలుగురూ నవ్వుతారు. నేనూ వస్తా."

నరసయ్య గరిటెలోని పప్పు వంక చూశాడు. పప్పు ఆయన వంక చూడలేదు.

అయినా ఆయన దగ్గర రెండు తలుపులున్నాయి. మొదటిది సూతకం. అన్న సంవత్సరీకం ఇంకా కాలేదు, ఏటిసూతకంలో కొండ ఎక్కకూడదు. ఇంటికి ఎదురుగా కనపడే కోటప్పకొండకే ఈ ఏడు పోవటం లేదు. ఆ ధైర్యంతో భార్యని వెంటబెట్టుకుని పురోహితుడి దగ్గరికి పోయాడు.

"కొండ ఎక్కకూడదు గదా, పంతులు గారూ? గట్టిగా చెప్పండి. ఈవిడ వినటం లేదు."

పంతులు గారు ఫ్లెక్సీ ఫొటో ఫోన్లో రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశారు. "గుడి ఉందా పైన?"

"లేదు," అంది శివపార్వతి. "టీ కొట్లున్నాయంట."

"గుడి లేకపోతే దోషం లేదమ్మా. పైగా మీరు కొండ ఎక్కటం లేదు. కొండ పాదాల దాకా పోతున్నారు. పాదాల దాకా ఎవరైనా పోవచ్చు."

రెండో తలుపు ఫయాజ్. యాభై దాటినవాళ్ళని తీసుకోరేమో, డాక్టరు కాగితం అడుగుతారేమో.

"అస్సలడగరు బాబాయ్," అన్నాడు ఫయాజ్. "ఊపిరి ఉంటే చాలు."

"లేకపోతే?"

"దానికి వేరే ప్యాకేజీ ఉంది. హెలికాప్టరు."

ఈలోపు సంగతి యార్డుకి పాకింది. నరసయ్య హిమాలయం నడవబోతున్నాడంటే గుండె రాయేనని అందరూ అనుకున్నారు. కర్మంతరాల నాడు భుజం నొక్కిన కొనుగోలుదారు వచ్చి, ఈసారి నొక్కకుండానే, రాబోయే పంటకి మాట ఇచ్చిపోయాడు. ఇక వెనక్కి తగ్గితే పరువూ పోతుంది, పంటా పోతుంది. నరసయ్య ఉన్ని టోపీ కొన్నాడు.

నిజానికి శివపార్వతికి కూడా ఆయన్ని కొండ ఎక్కించాలని లేదు. ఊళ్ళో డాక్టరుని చాటుగా కలిసి వచ్చింది. ఆయన "చంపుతావా తల్లీ?" అన్నాడు. అయినా నాలుక కింద పెట్టే మాత్రలు రాసిచ్చాడు. మొగుడు హైదరాబాదులో ఆగుతాడని ఆవిడ అనుకుంది. ఆవిడ హైదరాబాదులో ఏడుస్తుందని మొగుడు అనుకున్నాడు. ఇద్దరూ విమానం ఎక్కారు. ఖాట్మండులో ఆవిడ ఆయన వంక చూసింది, ఆయన ఆవిడ వంక చూశాడు. బేరంలో ముందు నోరు తెరిచినవాడే ఓడిపోతాడని ఇద్దరి తండ్రులూ నేర్పారు. ఎవరూ నోరు తెరవలేదు. అట్లా పోఖరా దాటారు, జీపు దిగారు, నడక మొదలైంది.

గైడు పేరు టేక్ బహదూర్. నరసయ్య నోట్లో టేకు అయ్యాడు. మనిషి కూడా టేకు దుంగే. ఏం అడిగినా "థోడా ఊపర్" అంటాడు, అంటే ఇంకాస్త పైన. అన్నం ఎక్కడ? థోడా ఊపర్. మంచం ఎక్కడ? థోడా ఊపర్. దేవుడెక్కడున్నాడని అడిగినా అదే చెప్పేవాడు, అది మాత్రం నిజమేమో.

మొదటి పూటే వేలాడే వంతెన వచ్చింది. కింద లోయ ఎంత లోతో, కాటా నరసయ్య తన జన్మలో మొదటిసారి లెక్క కట్టటానికి ఇష్టపడలేదు. వంతెన దాటగానే రాతిమెట్లు. మన నాపరాళ్ళ లాంటివే, కానీ ఒకటి పైన ఒకటి ఆకాశం దాకా పేర్చి పెట్టారు. రెంటచింతల ఎండలో గొడుగు లేకుండా తిరిగిన మనిషి, ఆ చల్లగాలిలో మెట్టు మెట్టుకీ ఆగి ప్రకృతిని మెచ్చుకున్నాడు.

"ఆహా, ఆ చెట్టు చూడవే."

"చూశా. ఆయాసమా?"

"ఆనందం."

ఇంకాస్త పైన: "ఆహా, ఆ రాయి చూడవే."

"రాయేగా. చానా ఆనందంగా ఉన్నట్టున్నారు, పెదాలు నల్లబడ్డాయి."

సాయంత్రం బసలో టేకు ఒక చిన్న మిషను తీశాడు. కరోనా రోజుల్లో ఇంటింటా ఉన్నదే, వేలికి తగిలిస్తే ఒంట్లో గాలెంతో, నాడి ఎంత వేగమో చెప్పే క్లిప్పు. అందరి వేళ్ళకీ పెట్టి చూస్తున్నాడు. నరసయ్య రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"నా వేలు కాటా మీద పెట్టను."

"మర్జీ ఆప్‌కీ," అని, మీ ఇష్టమన్నట్టు చెయ్యి ఊపి, టేకు ఫోన్లో క్రికెట్ చూసుకోబోయాడు. శివపార్వతి సంచిలోంచి మిరపకాయ పచ్చడి తీసి అతని అన్నంలో వేసింది. టేకు ఒక ముద్ద తిని, గబగబా పోయి తలకాయ వాగులో పెట్టాడు. మళ్ళీ వచ్చి రెండో ముద్ద తిన్నాడు. "ఇది మన సరుకే," అని నరసయ్య మురిసిపోయాడు. ఆ మురిపెంలో, వాగు నుంచి వచ్చిన టేకు చేతిలోని క్లిప్పు శివపార్వతి సంచిలోకి ఎప్పుడు మారిందో చూడలేదు.

"రేపు పోదామా, ఆగుదామా?" అంది ఆవిడ. "తువ్వాలు వెయ్యండి, బేరం చేద్దాం."

బేరం అంటే నరసయ్యకి ప్రాణం లేచి వచ్చేది. తువ్వాలు కప్పి చెయ్యి చాపాడు. చలికి వేళ్ళు కొయ్యల్లా ఉన్నాయి. ఆవిడ ఒక వేలు పట్టుకుని చాలాసేపు ఉంచింది. ఏదో కొరికినట్టయింది. తువ్వాల్లోంచి ఎర్రగా మెరిసింది.

"ఏందది?"

"నా ఉంగరంలో పగడం."

"మెరుస్తుందేందే?"

"పుట్టింటికి వస్తే ఆడదాని నగలు మెరవ్వా? ఊరికే ఉండండి, ధర ఆలోచిస్తున్నా." కళ్ళు తువ్వాలు అంచు కిందికి దింపి చూసింది. "సరే, రేపు పోదాం. నిదానంగా."

ప్రతి సాయంత్రం అదే బేరం. ప్రతి సాయంత్రం పగడం కొరికేది. పెళ్ళాం తన కంటే మెల్లగా బేరమాడుతుందని నరసయ్య లోపల నవ్వుకునేవాడు. ఆవిడ మాత్రం రోజురోజుకీ ధర ఆలోచించటానికి ఎక్కువసేపు తీసుకుంటోంది. మూడో సాయంత్రం "రేపు ఆగుదాం" అంది. "ఏం, భయమేసిందా? ఒప్పుకో, ఇప్పుడే దిగుదాం, గుంటూరు రద్దు," అన్నాడు. ఆవిడ పళ్ళు బిగించి తువ్వాలు మడిచింది.

చెట్లు అయిపోయాయి. రెండు కొండల మధ్య ఇరుకుదారి. అక్కడి బస ముందు వాళ్ళు టీ తాగుతుండగా హెలికాప్టరు దిగింది. పక్క గదిలోంచి ఒక మనిషిని నిద్రసంచీలో చుట్టి, అంచులు పట్టుకుని నలుగురు మోసుకొచ్చారు. బస్తా మోసినట్టే. హమాలీల నడక చూసి బరువు చెప్పే నరసయ్య ఆ నలుగురి కాళ్ళ వంక చూసి, తల తిప్పుకున్నాడు.

"బతికున్నాడా?" అని టేకుని అడిగాడు.

టేకు కొంచెం ఆలోచించాడు. "పొద్దున చాయ్ తాగాడు," అన్నాడు.

హెలికాప్టరు లేచిపోయింది. ఆ గది ముందు ఒక జత బూట్లు మిగిలిపోయాయి. ఎవరూ తీయలేదు. శివపార్వతి వాటినే చూస్తూ కూర్చుంది.

"అక్క రోజూ సాయంత్రం బావగారి చెప్పులు తుడిచి గుమ్మం పక్కన పెడుతుంది," అంది. అక్క అంటే తోటికోడలు, గోపాలరావు భార్య. "మీరు షాపు నుంచి రాకముందే తుడుస్తుంది, మీకు కనపడగూడదని. ఆ పని నాకు వద్దండీ."

నరసయ్య చల్లారిపోయిన టీ తాగేశాడు.

మర్నాడు పొద్దున ఆఖరి నడక. చుట్టూ మంచుకొండలు ఎండలో మండుతున్నాయి. మిరప కల్లాలు ఎర్రగా కాకుండా తెల్లగా ఆరబోస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉందని నరసయ్యకి అనిపించింది. అనటానికి ఊపిరి చాలలేదు. దారి పక్కన రాళ్ళు పేర్చి, పైన పలకలు పెట్టి ఉన్నాయి. ఆ కొండల్లో పోయినవాళ్ళ పేర్లు. అందరూ ఆయన కంటే చిన్నవాళ్ళే.

ఎదురుగా బేస్ క్యాంపు బోర్డు కనపడింది. రంగు గుడ్డలు కట్టిన బోర్డు, దాని ముందు ఫొటోలు దిగుతున్న జనం. షాపుకీ టీ కొట్టుకీ ఉన్నంత దూరం. అప్పుడే ఎడమ భుజంలో కొక్కెం గుచ్చుకుంది. ఈసారి గుచ్చి వదల్లేదు. లాగుతూనే ఉంది.

నరసయ్య ఆగాడు. "ఆహా," అన్నాడు. ఏమి చూసి ఆహా అన్నాడో వెతకటానికి తల తిప్పేంత బలం లేదు.

"వేళ్ళు గడ్డకట్టినట్టున్నాయి, ఇటివ్వండి, రుద్దుతా," అని శివపార్వతి ఆయన మెడలోని తువ్వాలు లాగి చెయ్యి మీద కప్పింది. పగడం కొరికింది. ఆవిడ అంచు ఎత్తి చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత ఆయన మొహం చూసింది.

దిగుదాం అంటే ఈ మనిషి దిగడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. గుండె పగిలినా బోర్డు మీదే పగలాలంటాడు.

శివపార్వతి ఉన్నచోటే రాయి మీద కూలబడింది.

"నాకు ఆయాసంగా ఉంది," అంది.

"నీకా?"

"ఊపిరి అందటం లేదు. కళ్ళు తిరుగుతున్నాయి." రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని సన్నగా మూలిగింది.

ఆ మూలుగు నరసయ్య చెవిలో పడింది. యార్డులో ఇంకే మూలుగైనా సరే, పట్టుకుని నలిపి, తడో ఎండో చెప్పేవాడు. ఇది నలపాలని తోచలేదు. తన చావు గురించి ఎన్నో విధాల లెక్కలు వేసుకున్నాడు గానీ, ఈవిడ కూడా పోగలదన్న సంగతి ఏ లెక్కలోనూ లేదు.

బోర్డు వంక చూశాడు. పక్కనే ఉంది.

"నువ్విక్కడే కూచో. ఒక్క నిమిషం. తాకి వచ్చేస్తా."

"వెళ్ళండి." తల వంచుకుంది. "మీరొచ్చేదాకా ఉంటే చూద్దాం."

నరసయ్య కొన్ని అడుగులు వేశాడు. బోర్డు మీది అక్షరాలు కనపడుతున్నాయి. అటుపక్క పరువు, పంట, ఆసుపత్రి లేని జీవితం. ఇటుపక్క రాయి మీద నీలం స్వెట్టరు. కొక్కెం లాగింది. వెనక్కి తిరిగాడు.

"సార్, బోర్డు!" అని ఫొటో కోసం ఫోన్ ఎత్తి పట్టుకుని అరిచాడు టేకు. "థోడా ఊపర్!"

"నీ థోడా ఊపర్ తగలెయ్యా! కిందికి పదరా. ఆమెని పట్టుకో."

టేకు పోయి ఆమెని పట్టుకున్నాడు. ఆమె లేచి, టేకు చెయ్యి తీసి మొగుడి రెక్క కింద పెట్టింది. మొగుడి నోట్లో ఒక చిన్న మాత్ర కూడా పెట్టింది. "చలికి మంచిది, నాలుక కింద ఉంచుకోండి," అంది. ఆ కంగారులో ఆయాసం ఎవరిది, మాత్ర ఎవరికి అన్న ప్రశ్న నరసయ్యకి రాలేదు.

దిగుతుంటే శివపార్వతి చిత్రంగా తేరుకుంది. మొదటి మలుపులో ఆయన సంచీ తీసుకుంది. రెండో మలుపులో టేకు దగ్గరున్న తన సంచీ కూడా తనే మోస్తానంది. "కిందికి దిగేకొద్దీ గాలి బాగుంది," అంది. నిజమే గదా అనుకున్నాడు. దిగువ బసకి హెలికాప్టరు వచ్చింది. "ఇదెందుకే?" అంటే "నేను నడవలేను" అంది, చేత్తో రెండు సంచీలు ఊపుతూ.

ఇంటికొచ్చి ఒళ్ళు కుదుటపడగానే నరసయ్య వాదన మొదలుపెట్టాడు.

"ఆగిపోయింది నీ వల్ల. అది నా ఓటమి కిందికి రాదు."

"చేరారా, లేదా?"

"లేదు. కానీ నీ ఆయాసం..."

"ఎవరి వల్ల అన్న ముక్క బేరంలో ఉందా?"

నరసయ్య చాలాసేపు వెతుక్కున్నాడు. లేదు. తువ్వాలు తీసిన బేరం. మాట మారిస్తే తనలోని వ్యాపారి కూడా తన మొహం చూడడు. సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాడు. చిలకలూరిపేట మీదుగా పోయే గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎడ్లపాడు వచ్చినప్పుడు కండక్టరుకి వినపడేట్టు దగ్గాడు.

ఆసుపత్రిలో పచ్చబట్టలు కట్టి బల్ల ఎక్కించారు. నర్సు వచ్చి వేలికి ఒకటి తగిలించింది. చిన్నగా కొరికింది. ఎర్రగా మెరిసింది.

నరసయ్య ఆ వెలుగు వంక చూశాడు. తువ్వాలు గుర్తొచ్చింది. ఒక్కో సాయంత్రం, ఒక్కో బస, ధర ఆలోచిస్తున్నా అంటూ తువ్వాలు కిందికి చూసిన ఆ కళ్ళు గుర్తొచ్చాయి.

"అమ్మాయ్, దీన్నేమంటారు?"

"పల్స్ ఆక్సీమీటర్ అంకుల్."

"మా ఇంట్లో పగడం అంటారు."

డాక్టరు తెర మీద నల్లగీతలు చూపించాడు. ఒక చోట గీత దారంలా సన్నబడింది, ఇంకోచోట అసలు లేదు. రెండు స్టెంట్లు వేస్తూ అడిగాడు: "కొండెక్కారట గదా. ఎంత దాకా పోయారు?"

"బోర్డు కనపడేదాకా."

"తాకలేదా?"

"లేదు."

"మంచిపని చేశారు," అన్నాడు డాక్టరు. నవ్వలేదు. "తాకి ఉంటే ఆ పక్కన రాయి మీద మీ పేరు రాసేవాళ్ళు."

సాయంత్రం గదికి తెచ్చారు. లిఫ్టు పాడైంది. బయట వరండాలో జనం మెట్లెక్కి రొప్పుతున్నారు. ఆ రొప్పుల మధ్య నుంచి శివపార్వతి వచ్చింది. ఒక చేతిలో క్యారియరు, ఒక చేతిలో నీళ్ళ డబ్బా, చంకలో దిండు. అన్ని అంతస్తులూ ఎక్కి వచ్చి, గుమ్మంలోనే ఆగకుండా మొదలుపెట్టింది:

"గోంగూర అడిగితే చంపుతారంట, ఉప్పులేని పప్పు తెచ్చా, తినను అన్నారంటే అది కూడా ఇవ్వను, అక్క ఫోన్ చేసింది, మీరు లేచాక మాట్లాడమంది..."

నరసయ్య ఆవిడ మాటలు వినటం లేదు. ఊపిరి వింటున్నాడు. కళ్ళు మూసుకుని, గుప్పెడు కాయలు చెవి దగ్గర పెట్టుకున్నట్టు విన్నాడు. గలగల. ఎక్కడా మూలుగు లేదు. అసలైన ఎండు సరుకు.

"పార్వతీ."

"ఊఁ."

"ఆ రోజు రాయి మీద నీకొచ్చింది ఆయాసం కాదు."

"మరేంటి?"

"నీళ్ళు చల్లావు."

శివపార్వతి క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే విప్పింది. "చెవి దగ్గర పెట్టుకుని చూడాల్సింది," అంది.

"బేరం చెల్లదు."

"తువ్వాలు తీశాక అడుగుతారా ఎవరైనా?" గిన్నె మూత మళ్ళీ పెట్టింది. "నేను హైదరాబాదులోనే ఆగుతారనుకున్నానండీ. దేవుడి తోడు. ప్రతిరోజూ రేపు ఆగుతారనుకున్నా. ఆ రాళ్ళ దగ్గర మీ మొహం చూసినప్పుడు... మీరు తిరిగి రాకుండా బోర్డు దగ్గరికే పోయి ఉంటే, నా దగ్గర ఇంకే సరుకూ లేదు."

ఆ బోర్డు ఎంత దగ్గరో నరసయ్యకి తెలుసు. తాకి వచ్చేస్తా అన్న మాట తనదేనని కూడా తెలుసు. కిటికీలోంచి గుంటూరు కనపడుతోంది. నరసరావుపేటలో అప్పటికే ఫయాజ్ కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. టేకు తీసిన ఫొటో: వెనక బోర్డు, దానికి వీపు చూపించి తిరిగొస్తున్న కాటా నరసయ్య. యార్డులో అందరూ చూశారు. పంటకి మాట ఇచ్చిన కొనుగోలుదారు ఫోన్ చేసి, "మీరు వెనక్కి తిరిగి రాగలరని నాకు ఇప్పుడే తెలిసింది, మాట అట్టాగే ఉంది" అన్నాడట. అది మెప్పో, ఎగతాళో నరసయ్య ఇంకా తూచలేదు.

దుప్పటి కింద నుంచి చెయ్యి కొద్దిగా చాపాడు.

"ఏంది?" అంది శివపార్వతి.

"ఒక బేరం."

ఆవిడ మంచం పక్కకి జరిగి, దుప్పటి కింద చెయ్యి పెట్టింది. నరసయ్య ఆవిడ వేలు ఒకటి పట్టుకున్నాడు. ఇంకెన్నేళ్ళు, అని అడగటం. ఆవిడ ఆయన వేళ్ళన్నీ ఒక్క గుప్పిట్లోకి లాక్కుంది. నరసయ్య తగ్గించి అడగలేదు. జన్మలో మొదటిసారి, అవతలివాళ్ళు చెప్పిన ధరకి ఊరుకున్నాడు. కళ్ళు కూడా మూసుకున్నాడు.

అప్పుడు చూపుడువేలిని ఏదో కొరికింది.

"ఏందది?"

"పగడం," అంది శివపార్వతి. దుప్పటి అంచు ఎత్తి చూసింది.